మతిమరుపు కంటే ముందే ఒళ్లు చెప్పే కబురు

ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఒకసారి కుర్చీలోంచి లేచి నిల్చోండి. ఏమైంది? ఏమీ కాలేదంటారు కదా. నిజానికి ఆ కొన్ని సెకన్లలో మీ ఒంట్లో పెద్ద పనే జరిగింది. నిల్చోగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్ట కిందికి, కాళ్లలోకి జారుతుంది. మెడలోనూ గుండె పైనా ఉండే పెద్ద రక్తనాళాల గోడల్లో సెన్సర్లున్నాయి. ప్రెషర్ పడిపోతోందని అవి మెదడు కింది భాగానికి కబురు పంపుతాయి. అక్కడి నుంచి నరాల మీదుగా వెంటనే ఆర్డర్ వస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. మీకు కళ్లు తిరగలేదంటే ఆ ఆర్డర్ టైముకి అందిందన్నమాట.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో దీన్ని బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ అంటాం. స్క్రీన్ మీద కనిపించదు. ఆగిపోయే దాకా అది ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. స్కూల్లో దీన్నే స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని చదువుకున్నాం. గుండె వేగం, బీపీ, అరుగుదల, మూత్రం, చెమట.. మనం చెప్పకుండానే నడిచే పనులన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

లూయీ బాడీ జబ్బు పేరు వినగానే చాలామంది ‘మతిమరుపు జబ్బు’ అనేస్తారు. కానీ చాలామందిలో మతిమరుపు కంటే ఏళ్ల ముందే అది ఈ బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ మీద చెయ్యి వేస్తుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తెలిస్తే ఎంత తేడా వస్తుందో మా తాతయ్య విషయంలో చూశాను. అందుకే ఇది రాస్తున్నా.

ఎవరీ లూయీ?

ఫ్రిట్జ్ లూయీ జర్మనీ డాక్టరు. బెర్లిన్‌లో పుట్టాడు. మ్యూనిక్‌లో అల్జీమర్ ల్యాబ్‌లో పనిచేశాడు. అవును, అల్జీమర్స్ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆయన ల్యాబే. పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదడు ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, నరాల కణాల్లో గుండ్రటి ఉండల్లాంటివి కనిపించాయి. 1912లో వాటి గురించి రాశాడు. 1919లో పారిస్‌లో ట్రెటియాకాఫ్ అనే మరో డాక్టరు వాటికి లూయీ పేరే పెట్టాడు. అలా ‘లూయీ బాడీలు’ అయ్యాయి. మన దగ్గర కొందరు ‘లెవీ’ అని కూడా రాస్తున్నారు. రెండూ ఒకటే.

ఆ ఉండలు దేనితో తయారయ్యాయో తేలడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ అది. మనందరి నరాల్లోనూ ఉంటుంది. మామూలుగా ఏ హానీ చెయ్యదు. దాని మడత తప్పినప్పుడే తంటా. మడత తప్పిన ప్రొటీన్ పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా తనలాగే మార్చుకుంటూ పేరుకుపోతుంది. ఆ కణం మెల్లగా పని మానేస్తుంది.

ఈ ఉండలతో వచ్చే జబ్బులు ప్రధానంగా రెండు. ఒకటి పార్కిన్సన్స్, రెండోది లూయీ బాడీ డిమెన్షియా. ఈ రెండో దాన్ని 1976 నుంచి వివరంగా రాసి ప్రపంచానికి పరిచయం చేసింది జపాన్ డాక్టరు కెంజి కొసాకా. వణుకు, బిగుసుకుపోవడం ముందొచ్చి, ఏడాది దాటాక ఎప్పుడో మతి తగ్గితే పార్కిన్సన్స్ డిమెన్షియా అంటారు. మతి తగ్గడం ముందొచ్చినా, రెండూ ఏడాది తేడాలోనే వచ్చినా లూయీ బాడీ డిమెన్షియా అంటారు. లోపల జరిగేది మాత్రం దాదాపు ఒకటే.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. 1912లో లూయీ ఆ ఉండల్ని చూసిన చోట్లలో ఒకటి వేగస్ నాడి కేంద్రం. జ్ఞాపకాలతో దానికి పనిలేదు. మెదడు అడుగు నుంచి బయల్దేరి గుండె, పొట్ట, పేగుల దాకా వెళ్లే నాడి అది. అంటే ఈ జబ్బు తల దాటి ఒంట్లోకి వెళ్తుందన్న క్లూ మొదటి రోజు నుంచే మైక్రోస్కోప్ కింద ఉంది.

ఒక మనిషి, ఐదు ఫైళ్లు

మా తాతయ్య ఆర్టీసీలో బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆయన మందుల సంచి ఫేమస్. అందులో ఐదు రకాల ఫైళ్లుండేవి.

మొదటిది మలబద్ధకం. అది ఎప్పట్నుంచో ఉంది, డెబ్భై దాటాక మరీ ఎక్కువైంది. రెండోది మూత్రం. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. వయసు కదా, ప్రోస్టేట్ అన్నారు, మాత్ర ఇచ్చారు. మూడోది బీపీ. కూర్చోబెట్టి చూస్తే ఎప్పుడూ ఎక్కువే. డోసు పెంచారు. నాలుగోది కళ్లు తిరగడం. చెవిలో తేడా అన్నారు, దానికో మాత్ర. ఐదోది రాత్రిళ్లు కేకలు. దీనికి ఫైలే లేదు, అమ్మమ్మ చెప్పేది అంతే.

నిద్రలో తాతయ్య బస్సు నడిపేవారు. నిజంగానే. “పక్కకి జరుగు!” అని అరిచేవారు, కుడికాలితో బ్రేకు తొక్కేవారు. ఆ బ్రేకు ఒకసారి అమ్మమ్మ మోకాలికి తగిలింది. ఆ తర్వాత ఆవిడ నవారు మంచం గోడ వైపుకి లాక్కుంది. “ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి, కలలో కూడా డ్యూటీయే” అని నవ్వుకునేవాళ్లం.

ఐదు సమస్యలకీ ఐదు గదుల్లో ఐదుగురు. ఎవరి గదిలో వాళ్లు కరెక్టే. ఆఫీసులో మాకు ఇలాంటివి రోజూ ఎదురవుతాయి. లాగిన్ టీమ్‌కి ఒక టికెట్, పేమెంట్స్ టీమ్‌కి ఇంకో టికెట్, నోటిఫికేషన్స్ వాళ్లకి మరో టికెట్ వస్తాయి. ఎవరి కోడ్ చూసినా బాగానే ఉంటుంది. చివరికి చూస్తే అన్నిటి కిందా ఉన్న ఒకే సర్వర్ కూర్చుండిపోయి ఉంటుంది.

తర్వాత ఓ సాయంత్రం అరుగు వైపు చూసి, “ఆ పిల్లలకి అన్నం పెట్టావా?” అని అమ్మమ్మని అడిగారు తాతయ్య. అరుగు మీద ఎవరూ లేరు. ఆయన కంగారుపడలేదు, భయపడలేదు. ఇద్దరు పిల్లలు కూర్చున్నారు, అంతే. లేనివి అంత స్పష్టంగా కనిపించడం, ముఖ్యంగా పిల్లలూ జంతువులూ కనిపించడం ఈ జబ్బు లక్షణాల్లో ముఖ్యమైనది. హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకొచ్చింది దానికోసమే.

ఆయన ముందు ఎంఆర్ఐ చూడలేదు. తాతయ్యని పడుకోబెట్టారు. ఐదు నిమిషాలాగి బీపీ చూశారు. 152/86. నిల్చోబెట్టి ఒక నిమిషానికోసారి, మూడు నిమిషాలకోసారి చూశారు. 106/62. పల్స్ 70 నుంచి 75కి పెరిగింది, అంతే.

నిల్చున్న మూడు నిమిషాల్లో పై బీపీ 20గానీ, కింది బీపీ 10గానీ పడిపోతే దాన్ని సమస్యగా లెక్కేస్తారు. తాతయ్యకి 46 పడింది. ఒంట్లో నీరు తక్కువై బీపీ పడితే గుండె కంగారుగా వేగం పెంచుతుంది. ఇక్కడ గుండెకి కబురే అందలేదు. కబురు మోసే నరాలు దెబ్బతిన్నాయనడానికి ఆ ఐదు బీట్ల తేడాయే గుర్తు.

తర్వాత డాక్టర్‌గారు అడిగిన ప్రశ్నలు విని మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. వాసన తెలుస్తోందా? మలబద్ధకం ఎన్నేళ్ల నుంచి? నిద్రలో తన్నుతారా? మా ఐదు ఫైళ్లూ ఆయన ఒక్క నోటితో చదివేసినట్టుంది.

తల నుంచి కాళ్ల దాకా ఏం జరుగుతుంది?

ముక్కు: వాసన కేంద్రంలో ఈ ఉండలు చాలా ముందే చేరతాయి. పోపులో ఇంగువ వాసన రావట్లేదంటే అందరూ జలుబే అనుకుంటాం. చాలామందిలో అది ఏళ్ల ముందు వచ్చే గుర్తు.

నిద్ర: కలలొచ్చే దశలో మన కాళ్లూ చేతులూ కదలకుండా మెదడు కాండం తాళం వేస్తుంది. ఆ తాళం ఊడితే కలలో చేసేది ఒళ్లు కూడా చేస్తుంది. ఇలాంటి నిద్ర సమస్య ఉన్న 1,280 మందిని 24 కేంద్రాల్లో గమనించి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. పన్నెండేళ్లు తిరిగేసరికి వాళ్లలో దాదాపు 73 శాతం మందికి పార్కిన్సన్స్, లూయీ బాడీ లాంటి జబ్బులు రావచ్చని అందులో లెక్క తేలింది. బ్రేకు తొక్కడం మేం నవ్వుకున్నంత చిన్న విషయం కాదన్నమాట. అలాగని ఒకరోజు కలలో అరిస్తే భయపడక్కర్లేదు. కొన్ని మందుల వల్ల కూడా ఇలా అవుతుంది. పదే పదే జరుగుతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పాలి.

పేగులు: మన పేగు గోడల్లో పది కోట్లకు పైగా నరాల కణాలున్నాయి. అందుకే దాన్ని రెండో మెదడు అంటారు. లూయీ ఉండలు అక్కడా దొరికాయి. పేగుల కదలిక మందగిస్తే మలబద్ధకం, పొట్ట ఖాళీ అవడం ఆలస్యమైతే రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం. 1817లో జేమ్స్ పార్కిన్సన్ తన చిన్న పుస్తకంలోనే ఈ రోగుల మలబద్ధకం గురించి రాశాడు.

గుండె: గుండెకొచ్చే నరాల చివరలు ఎండిన కొమ్మల్లా రాలిపోతాయి. దీన్ని ఫొటో తీయొచ్చు. ఎంఐబీజీ అనే స్కాన్‌లో, నరాలు పీల్చుకునే ఒక రేడియో పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో గుండె మామూలుగా వెలుగుతూ కనిపిస్తుంది. లూయీ బాడీ ఉన్నవాళ్లలో చాలామందికి గుండె ఉన్న చోట దాదాపు ఖాళీగా ఉంటుంది. తలలో జబ్బేదో గుండె ఫొటో చెప్పడం వింతే కదా. 2017లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ నియమాల్లో ఈ స్కాన్‌కి కీలక స్థానమిచ్చారు. గుండె జబ్బులూ కొన్ని మందులూ ఉంటే ఫలితం తారుమారవుతుంది కాబట్టి అది చూసి చదవాల్సింది డాక్టరే.

చర్మం: చెమట గ్రంథులకీ చిన్న రక్తనాళాలకీ వెళ్లే సన్నటి నరాల్లో కూడా ఈ ప్రొటీన్ దొరుకుతుంది. మెడ వెనక, తొడ మీద, చీలమండ దగ్గర మూడు మిల్లీమీటర్ల ముక్క తీసి చూస్తారు. 2024లో అమెరికాలో నాలుగు వందల మందికి పైగా చేసిన అధ్యయనంలో లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లలో 96 శాతం మందికి చర్మంలోనే అది కనిపించింది. ఏ జబ్బూ లేనివాళ్లలో 3.3 శాతం మందిలోనే కనిపించింది. ఒకప్పుడు మనిషి చనిపోయాక మెదడు కోస్తేనే ఖాయంగా తెలిసే జబ్బు ఇది.

మూత్రాశయం: ఆపుకోలేకపోవడం, రాత్రంతా లేవడం, మొత్తం ఖాళీ అవ్వకపోవడం. మగవాళ్లలో దీన్ని ఊరికే ప్రోస్టేట్ ఖాతాలో వేసేస్తారు. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

పేగుల్లో మొదలై పైకెక్కుతుందా?

2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం ఒక ధైర్యమైన మాట చెప్పింది. ఈ జబ్బు ముక్కులోనో పేగుల్లోనో మొదలై, వేగస్ నాడి పట్టుకుని మెదడుకి ఎక్కుతుందేమో అని. డెన్మార్క్‌లో, స్వీడన్‌లో పాత రికార్డులు తిరగేశారు. ఒకప్పుడు అల్సర్‌కి ఆపరేషన్ చేసి వేగస్ నాడిని కత్తిరించేవారు. ఆ నాడిని పూర్తిగా కత్తిరించినవాళ్లలో పార్కిన్సన్స్ కొంచెం తక్కువగా వచ్చినట్టు కనిపించింది.

అందరి కథా ఇదే కాదు. కొందరిలో ఒంట్లో మొదలై మెదడుకి వెళ్తుందని, ఇంకొందరిలో మెదడులోనే మొదలై కిందికి దిగుతుందని ఇప్పుడు కొందరు పరిశోధకులు రెండు దారులుగా చూస్తున్నారు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. మలబద్ధకం ఉన్న ప్రతివాళ్లకీ ఈ జబ్బు రాదు. చాలామందికి అది నీళ్లు తాగకపోవడం వల్లే, కూర్చునే ఉద్యోగాల వల్లే. నాలుగైదు గుర్తులు ఒకే మనిషిలో ఏళ్ల తరబడి కలిసి కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి.

హాలీవుడ్ నవ్వుల రాజుకీ ఇదే

రాబిన్ విలియమ్స్ తెలుసుగా, ‘జుమాంజీ’ హీరో. 2014 మేలో ఆయనకి పార్కిన్సన్స్ అన్నారు. ఆగస్టులో ఆయన ప్రాణం తీసుకున్నారు. శవపరీక్షలో మెదడంతా లూయీ బాడీలు కనిపించాయి. ఆయన భార్య సూసన్ 2016లో ఒక న్యూరాలజీ జర్నల్‌లో డాక్టర్లని ఉద్దేశించి వ్యాసం రాశారు. మొదట్లో కనిపించినవంటూ ఆవిడ రాసిన జాబితా చూడండి: మలబద్ధకం, మూత్రం ఇబ్బంది, గుండెల్లో మంట, నిద్రలేమి, వాసన తగ్గడం. అవన్నీ దేనికదే అన్నట్టు కనిపించాయని రాశారు. ప్రపంచంలో బెస్ట్ డాక్టర్లు అందుబాటులో ఉన్న ఇంట్లోనే అలా అయితే, మా తాతయ్య మందుల సంచి సంగతి చెప్పేదేముంది!

ఒక మందు, ఇంకో చోట దెబ్బ

ఇదంతా తెలుసుకుని ఏం లాభం, జబ్బు నయమవదు కదా అని మా మావయ్య అడిగాడు. నయమవదు, నిజమే. కానీ తాతయ్య కింద పడటం తగ్గింది. ఎలాగంటే, ఐదు ఫైళ్లూ ఒకే టేబుల్ మీద పెట్టాక అసలు గొడవ బయటపడింది.

కూర్చున్నప్పటి బీపీ చూసి పెంచిన మాత్ర నిల్చున్నప్పుడు ఆయన్ని కింద పడేస్తోంది. ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మందులు రక్తనాళాల్ని వదులు చేస్తాయి, దాంతో బీపీ ఇంకా పడుతుంది. మూత్రం ఆపడానికి, కళ్లు తిరగడానికి, అలర్జీకి ఇచ్చే కొన్ని మాత్రలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. ఈ రోగుల్లో అది ముందే తక్కువ. దాంతో మతి ఇంకా గందరగోళమవుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. వీళ్ల మతికోసం ఇచ్చే రివాస్టిగ్మిన్, డొనెపెజిల్ చేసే పని దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒక చేత్తో ఎక్కిలేటర్, ఇంకో చేత్తో బ్రేకు అన్నట్టు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి. లేనివి కనిపిస్తున్నాయని, రాత్రి అరుస్తున్నారని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే లూయీ బాడీ రోగుల్లో చాలామందికి అది ప్రమాదం. ఒళ్లు కొయ్యబారిపోయి, స్పృహ తగ్గి, ప్రాణం మీదికి రావచ్చు. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లినా “లూయీ బాడీ అనుమానం ఉంది” అన్న ఒక్క మాట ముందే చెప్పాలి. మేమైతే ఆ మాట కాగితం మీద రాసి తాతయ్య ఆధార్ కార్డు కవర్‌లో పెట్టాం.

మందులు వేటికవి సొంతంగా ఆపేయొద్దు. కొన్ని ఒక్కసారిగా ఆపితే కొత్త ప్రమాదం. అన్ని చీటీలూ ఒకరికే చూపించి, ఏది ఉంచాలో ఏది తగ్గించాలో వాళ్లతోనే తేల్చుకోవాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి

మా ఇంట్లో మార్పులు చిన్నవే. మంచం తల వైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. పడుకుంటే తాతయ్య బీపీ బాగా పెరుగుతుంది, తల ఎత్తులో ఉంటే అది కొంచెం అదుపులో ఉంటుంది, పొద్దున్నే పడిపోవడమూ తగ్గుతుంది. లేవగానే మంచం మీదే ఓ పెద్ద గ్లాసుడు నీళ్లు, రెండు నిమిషాలు కూర్చుని, అప్పుడు నిల్చోవడం. పొట్ట చుట్టూ బెల్టు. ఉప్పు సంగతి మాత్రం గుండె, కిడ్నీ చూసి డాక్టరే చెప్పాలి. ఇవి చాలకపోతే బీపీ నిలబెట్టే మందులున్నాయి.

భోజనం కూడా మార్చాం. పళ్లెం నిండా అన్నం తింటే రక్తమంతా పొట్టకి పోయి, తిన్న గంటలో బీపీ పడుతుంది. అందుకని కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు. వేడినీళ్ల స్నానం ఎక్కువసేపు వద్దు. చెమట పట్టే యంత్రాంగం కూడా దెబ్బతింటుంది కాబట్టి మన మే నెల ఎండలు వీళ్లకి రెట్టింపు ప్రమాదం.

దసరాకి ఇంటికెళ్తారు కదా. డెబ్భై దాటిన పెద్దవాళ్లుంటే, బీపీ మెషిన్‌తో ఒకసారి పడుకోబెట్టి, ఒకసారి నిల్చోబెట్టి చూడండి. పక్కనే ఉండి పట్టుకోండి. నిద్ర గురించి పక్కన పడుకునేవాళ్లనే అడగండి, పడుకున్నవాళ్లకి తెలియదు. మలబద్ధకం, వాసన, మూత్రం, పడిపోవడం.. ఏది ఏ సంవత్సరం మొదలైందో ఒకే కాగితం మీద వరసగా రాయండి. అది పట్టుకుని న్యూరాలజిస్ట్‌ని కలవండి. డాక్టర్‌కి దొరికేది పది నిమిషాలు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నది ఇంట్లోవాళ్లు.

అమ్మమ్మ పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీల నుంచి రెండు గీతలు కొట్టుకుంది. ఒక వరసలో ‘పడుకుని’, ఇంకో వరసలో ‘నిల్చుని’. ప్రతి ఆదివారం ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతుంది. పోయిన ఆదివారం 148, 124. కింద ఓ లైను రాసింది: “ఈ వారం ఒక్కసారీ పడలేదు. పిల్లలు మాత్రం వచ్చారట, ఇద్దరికీ అన్నం పెట్టేశానని చెప్పాను.”